చీమలు తాగిన టీ

ఆ ఇంట్లో టీ కాచేది బెలాయిద్ ఒక్కడే. వంటంతా ఆడవాళ్ళది, టీ మాత్రం ఆయనది. మధ్యాహ్నం భోజనాలు కాగానే గోడవారగా చాప మీద చేరేవాడు. కుంపట్లో బొగ్గు రాజేసి, చక్కెర దిమ్మను చిన్న సుత్తితో పగలగొట్టి, పుదీనా కట్ట దులిపి టీ కాచే కూజాలో కుక్కేవాడు. తర్వాత చెయ్యి పైకెత్తి సన్నటి ధారగా గ్లాసుల్లోకి వంచేవాడు. నురగ లేస్తే టీ, లేవకపోతే మళ్ళీ కూజాలోకే. మొదటి కాపు, రెండో కాపు, మూడో కాపు. మూడూ తాగకుండా ఎవరైనా లేస్తే ఆ మనిషికి ఇంట్లో ఏదో కష్టం వచ్చిందనే అనుకునేవాడు.

ఆ టీ పళ్ళెం మీద ఇంకొకరి చెయ్యి పడటం ఆయనకు గిట్టదు. పెళ్ళయిన కొత్తలో భార్య రఖియా ఒకసారి తనే చక్కెర వేసింది. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు గానీ ఆ సంగతి మాత్రం ఏటా రెండు మూడుసార్లయినా ఎత్తేవాడు.

కోడలు తూదా కడుపుతో ఉంది. తొలి చూలు. కొడుకు ఇద్దర్ సముద్రపొడ్డున చేపల రేవులో పనిచేస్తూ పండగలకే వస్తాడు. కాబట్టి పిల్ల బాగోగులు ముసలివాళ్ళిద్దరి మీద పడ్డాయి. రఖియా రోజూ దాని కాళ్ళకు ఆలివ్ నూనె రాసేది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమనేది, మోకాళ్ళ మధ్య దిండు పెట్టేది. బరువులెత్తనిచ్చేది కాదు, అలాగని కూర్చోనిచ్చేదీ కాదు. పొద్దుటిపూట ఖర్జూరపు తోటదాకా నడిపించి తీసుకొచ్చేది. మెంతులు, మసూరు పప్పు, గుడ్లు, బాదం ముద్ద, ఏది దొరికితే అది దాని ముందు పెట్టేది.

బెలాయిద్‌కు ఉన్న బెంగ ఒక్కటే, రక్తం. రఖియా ఇద్దర్‌ను ఇంట్లోనే కన్నది. బిడ్డ బాగానే పుట్టాడు గానీ ఆమెకు రక్తం ఆగలేదు. గాడిద మీద కూర్చోబెట్టి వాగు దాటించి రోడ్డెక్కించేసరికి ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. బతికింది. మళ్ళీ కడుపు మాత్రం పండలేదు. ఆయన ఆ సంగతి ఎవరితోనూ అనడు. కానీ కోడలి పెదవులు పాలిపోయినట్టు కనిపిస్తే చూపు అక్కడే ఆగిపోయేది.

వాగవతల రోడ్డు పక్కన కాన్పుల ఇల్లుంది. అక్కడి నర్సు నజాత్ తూదాను మొదటిసారి చూసినప్పుడే చెప్పింది. ఒంట్లో రక్తం చాలా తక్కువగా ఉంది, రోజూ ఒక మాత్ర మింగాలి. నెలలు నిండేలోపు రక్తం పెరిగితే కాన్పు ఇక్కడే చేస్తాను. పెరగకపోతే నేను ఉంచుకోలేను, కనుమ దాటి పెద్దాసుపత్రికి పోవాల్సిందే.

పెద్దాసుపత్రికి బస్సులో సగం రోజు పడుతుంది. తూదా పెదనాన్న కూతురు ఆ దారిలోనే, మలుపుల మధ్య, బస్సులోనే కన్నది. ఇక్కడైతే పక్క పల్లెనించి అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. అక్కడ అమ్మను గుమ్మం కూడా దాటనివ్వరని విన్నది.

కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మాత్రలు మరిచిపోతుంటారు, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా దగ్గరుండి మింగించాలని నర్సు అన్నది. ఆ పని బెలాయిద్ తనమీద వేసుకున్నాడు. మాత్రల అట్టను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రోజూ మధ్యాహ్నం మొదటి గ్లాసు టీ వంచగానే ఒక మాత్ర ఒలిచి కోడలి అరచేతిలో పెట్టేవాడు.

“మింగు.”

అది బిస్మిల్లా అని, మాత్ర నోట్లో వేసుకుని టీ తాగేది. గొంతు కదిలిందాకా ఆయన చూసేవాడు. చూసి తృప్తిగా తన గ్లాసు అందుకునేవాడు.

మళ్ళీ పరీక్షకు వెళ్ళినప్పుడు నర్సు వేలు గుచ్చి చూసి మొహం చిట్లించింది. రక్తం వీసమెత్తు కూడా పెరగలేదు. మాత్రలు నువ్వు మింగుతున్నావా, మేకకు వేస్తున్నావా అని అడిగింది. రఖియాకు ఒళ్ళు మండింది. మా ఆయన కళ్ళెదుటే మింగుతోందని గట్టిగానే చెప్పింది. బెలాయిద్ బయట గాడిద తాడు పట్టుకుని అంతా విన్నాడు. మర్నాడు మేకను కోసి కార్జం కోడలికే పెట్టమన్నాడు. అది తిన్నాక అలవాటుగా టీ వంచాడు. ఆవేళ బలం రావాలని ఇంకా చిక్కగా కాచాడు.

ఆ తర్వాతిసారి నర్సు మాత్రల మాట పక్కన పెట్టింది. పొద్దున లేచినప్పటినించి పడుకునేదాకా ఏమేం నోట్లో వేసుకుంటావో వరసగా చెప్పమంది. తూదా చెప్పుకుంటూ పోయింది. బార్లీ జావ, గుడ్డు, పప్పు, మాంసం. ఆపైన మామ ఇచ్చే మాత్ర, దాంతోబాటే మామ కాచిన టీ.

నర్సు చేస్తున్న పని ఆపింది. టీలో ఉన్న వగరు మాత్రను కడుపులోనే పట్టేసుకుంటుందని, రక్తంలోకి చేరనివ్వదని చెప్పింది. భోజనం మీద తాగితే తిన్న కార్జం గతీ అంతే. మాత్ర నీళ్ళతో మింగు, నారింజపండు తిను. టీ తాగాలనుంటే భోజనం పూర్తిగా అరిగిన తర్వాత ఒక గ్లాసు, చాలు. ఇక వచ్చేసారికి కూడా పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపించేస్తానని కూడా అన్నది. టీతో కలిసి పనిచేసే మాత్ర ఏదైనా ఉందా అని తూదా నెమ్మదిగా అడిగింది. లేదని నర్సు నవ్వింది. తూదాకు నవ్వు రాలేదు.

తిరుగు దారిలో బెలాయిద్ ముందు గాడిదతో నడుస్తున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వెనకబడ్డారు. మామకు మీరే చెప్పండత్తా అని తూదా బతిమాలింది.

“నా వల్ల కాదు తల్లీ,” అంది రఖియా. “పిడికెడు చక్కెర వేసినందుకే నా జుట్టు నెరిసిందాకా వింటున్నా. ఆయన టీలో తప్పుందని చెప్పి ఆ ఇంట్లో నేనుండగలనా?”

తూదాకు అంతకన్నా ధైర్యం లేదు. చేతికిచ్చిన గ్లాసు వద్దంటే మామను చాప మీంచి లేవగొట్టినట్టే. అది ఒక ఉపాయం చేసింది. మధ్యాహ్నం తలుపు పక్కన కూర్చునేది. మామ ఇచ్చిన మాత్రను నోటిదాకా తీసుకెళ్ళి కొంగులో జారవిడిచేది. గ్లాసు పెదవులకు ఆనించి ఉత్తుత్తి గుటక వేసేది. ఆయన రెండో కాపుకు కూజాలో చక్కెర వేస్తున్నప్పుడు గ్లాసు తలుపు వెనక వంపేసేది. తర్వాత తోటకెళ్ళి నీళ్ళతో మాత్ర మింగి, చెట్టునున్న నారింజ ఒకటి ఒలుచుకుని తినేది.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. పట్టించింది చీమలు.

గోడ పగులులోంచి చీమల బారు బయలుదేరి చాప అంచు వెంబడి తలుపు వెనక్కి పోతోంది. బెలాయిద్ మొదట పట్టించుకోలేదు. ఆ బారు రోజు రోజుకూ లావెక్కుతుంటే వంగి చూశాడు. తలుపు వెనక నేల నల్లగా, జిగటగా ఉంది. పుదీనా ఆకొకటి అతుక్కుని ఎండిపోయింది. మర్నాడు కూజా మీద కన్నుంచినట్టే ఉంచి ఓరగా చూశాడు. మాత్ర కొంగులోకి పోవడం చూశాడు. గ్లాసు వంపడమూ చూశాడు.

మేకకు వేస్తున్నావా అని నర్సు అన్న మాటే చెవిలో తిరిగింది. పిల్ల మాత్రలు మింగడం లేదు. రక్తం పెరగదు. వాగు దాటేసరికి సున్నం కొట్టిన గోడ. ఆ మొహం తప్ప ఆయనకు మరేమీ కనపడలేదు.

మరునాడు భోజనాలయ్యాయి. ఆయన ఎప్పటిలాగే మూడు గ్లాసులు వంచాడు. ఒకటి రఖియా ముందు పెట్టాడు, ఒకటి తన ముందు. మూడోది తీసుకుని లేచి, తలుపు వెనక చీమల బారు పక్కన పెట్టాడు.

“వీటికి నా టీ బాగా నచ్చిందిలే. రోజూ వస్తున్నాయి.”

రఖియా చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. తూదా తల వంచుకుంది.

“మాత్రేదమ్మా?”

“కొంగులో ఉంది మామా.”

“నిన్నటిది?”

“మింగినా. మొన్నటిదీ మింగినా. తోటకు పోయి నీళ్ళతో మింగుతున్నా.”

“నా ముందర మింగడానికి ఏమొచ్చింది?”

తూదా నేల చూస్తూ చెప్పింది. “టీతో మింగితే అది రక్తానికి పట్టదంట మామా. అన్నం మీద టీ తాగితే తిన్నదీ పట్టదంట. ఇన్నాళ్ళూ పెరగంది అందుకేనంట. నర్సు చెప్పింది.”

ఆయన భార్యవైపు తిరిగాడు. “నీకు తెలుసా?”

“తెలుసు.”

“చెప్పలేదే?”

“చక్కెర సంగతి గుర్తొచ్చి చెప్పలా.”

బెలాయిద్ చాప మీద కూర్చోలేదు. రోజూ ఆ మాత్ర ఒలిచింది ఈ చేతులే. గొంతు కదిలిందాకా చూసింది ఈ కళ్ళే. చెంబెడు నీళ్ళు తీసుకుని కుంపటి మీద కుమ్మరించాడు. బొగ్గు సుయ్యిమంది, ఇల్లంతా పొగ కమ్ముకుంది. ఆయన బయటికి వెళ్ళిపోయాడు. కోపమొచ్చిందనుకుని ఆడవాళ్ళిద్దరూ పొగలోనే కూర్చుండిపోయారు.

పొద్దు వాలుతుండగా వచ్చాడు. పై అంగీ ఒడిలో నారింజలున్నాయి. కోడలి ముందు పోశాడు. “రేపటినుంచి సాయంత్రం అసర్ నమాజు తర్వాతే టీ,” అన్నాడు. అట్ట జేబులోంచి తీసి దాని చేతికే ఇచ్చేశాడు.

చెప్పినంత తేలిక కాలేదు. మధ్యాహ్నం టీ లేకపోయేసరికి ఆయనకు తల పగిలిపోయేది. గుడ్డ బిగించి కట్టుకుని గోడకానుకుని కూర్చునేవాడు. రఖియా చేతులు ఊరికే ఉండలేక గిన్నెల మీద మోత పెట్టేవి. పెరట్లో గాడిదను కట్టే గుంజ ఉంది. గోడ నీడ ఆ గుంజను తాకితే అసర్ వేళైనట్టు, అందాకా ఆయన కుంపటి జోలికి పోయేవాడు కాదు.

పొరుగింటి హమ్ముకు పికప్ బండి ఉంది. వీలైనప్పుడల్లా భోజనం కాగానే ఒక గ్లాసు కోసం వచ్చి కూర్చునే మనిషి. వచ్చి చల్లటి కుంపటి చూశాడు.

“ఏందన్నా, బొగ్గు అయిపోయిందా, బుద్ధి అయిపోయిందా?”

“అసర్ తర్వాత రా.”

“అప్పటిదాకా నా నోరేం చెయ్యను?”

“మూసుకో.”

హమ్ము నవ్వి వెళ్ళిపోయాడు గానీ ఊళ్ళో నాలుగు నోళ్ళకూ చేరవేశాడు. చక్కెర కొనలేక ముసలాయన టీ మానేశాడని కొందరు, కోడలు కొంగుకు కట్టేసుకుందని కొందరు అన్నారు. బెలాయిద్ విన్నాడు. వివరం ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి పరీక్షలో రక్తం పెరిగింది. మరీ ఎక్కువ కాదు, కానీ పెరిగింది. నర్సు ఇలాగే సాగించమంది. ఆ పైసారికి ఇంకాస్త పెరిగేసరికి, కాన్పు ఇక్కడే చేద్దామంది. తూదా ఆ సాయంత్రం అమ్మకు కబురు పంపింది.

ఇక ఇంట్లో కాన్పుకు సిద్ధం చెయ్యడం మొదలైంది. రఖియా ఉతికిన పాత బట్టలు, పొత్తిగుడ్డలు, ఒక దుప్పటి మూట కట్టి తలుపు పక్కన పెట్టింది. నొప్పులకు ముందే రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పి వచ్చి కళ్ళు మసకలు కమ్మినా ఆగకుండా రమ్మని నర్సు చెప్పింది. రఖియా ఆ మూడూ కోడలిచేత రోజూ వల్లె వేయించేది. హమ్ము బండిలో పెట్రోలు ఎప్పుడూ ఉండాలని బెలాయిద్ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, పొద్దున్నే వెళ్ళి టాంకు మూత తీసి వాసన చూసి వచ్చేవాడు. మూట మోసి చూసి ఇంత బరువేందని రఖియా విప్పితే, దుప్పటి మడతలో చక్కెర దిమ్మ, చిన్న సుత్తి కనిపించాయి. వాటితో సహా మళ్ళీ కట్టేసింది.

నొప్పులు తెల్లవారిన తర్వాత మొదలయ్యాయి. బండి వాగు దాటింది. దారిలోనే పక్క పల్లె దగ్గర తూదా అమ్మ ఎక్కింది. కాన్పుల ఇంటి మెట్ల దగ్గర బెలాయిద్ కూలబడిపోయాడు. మూటలో చక్కెర ఉంది, వాకిట్లో ఎవరిదో కుంపటి ఉంది. ఆయన రెంటి జోలికీ పోలేదు.

పొద్దు నడినెత్తికొచ్చాక బిడ్డ ఏడుపు వినిపించింది. హమ్ము లేచి నిలబడ్డాడు. బెలాయిద్ లేవలేదు. ఇద్దర్ ఏడుపు కూడా ఇలాగే ముందు వినిపించింది. ఆయన ఎదురుచూస్తున్నది ఆ తర్వాతి కబురు కోసం.

చాలాసేపటికి నజాత్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

“ఆడపిల్ల తాతా. తల్లికి రక్తం కొంచెం ఎక్కువే పోయింది. సూది వేశాను, ఆగింది. మొదట్లో ఉన్నంత రక్తమే ఉండుంటే ఈ పాటికి కనుమ ఎక్కించేదాన్ని. దారిలో ఏమయ్యేదో చెప్పలేను.”

“పెదాలెట్లున్నాయి?”

నర్సుకు ముందు అర్థం కాలేదు. తర్వాత అయింది. “కాస్త పాలిపోయాయి. నవ్వుతోంది.”

అప్పుడు లేచాడు. లేచి, ఏం చెయ్యాలో తెలియనట్టు అంగీ దులుపుకుని, మళ్ళీ అక్కడే కూర్చున్నాడు.

ఏడోనాడు పేరు పెట్టారు. ఇద్దర్ వచ్చాడు, గొర్రెను కోశారు, ఊరు ఊరంతా వచ్చింది. పిల్లను యమ్న అన్నారు. మాంసం, ఎండుద్రాక్ష వేసిన బార్లీ నూక తిని అందరూ గోడలకు చేరగిలబడి టీ కోసం చూశారు. కార్జమంతా లోపల తూదా పళ్ళెంలోకే పోయింది. మాత్రలు ఇంకా కొన్నాళ్ళు మింగాలని నర్సు చెప్పి పంపింది.

కుంపటి చల్లగా ఉంది. బెలాయిద్ దాని ముందు చేతులు కట్టుకుని కూర్చుని పెరట్లోకి చూస్తున్నాడు. విందు పెట్టి టీ ఇవ్వని ఇల్లు ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పెద్దాయనొకడు దగ్గాడు. ఇంకొకడు, మాంసం గొంతులోనే ఉంది బెలాయిద్, దాన్ని కిందికి దింపే ఉపాయమేమైనా ఉందా అని అడిగాడు. మగవాళ్ళు నవ్వారు. ఇద్దర్ సిగ్గుపడి, నేను రాజేయనా నాన్నా అని లేవబోయాడు.

“కూర్చో,” అన్నాడు బెలాయిద్. “తల్లి తిన్నది ఒంటికి పట్టాలి. తను తాగే వేళకే అందరికీ.”

ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోపల రఖియా అప్పుడే ఆడవాళ్ళకు సంగతంతా చెప్పేస్తోంది. ఆ కబురు గుమ్మంలోంచి బయటికి పాకింది. నవ్వులు ఆగిపోయి, మాటలు పంటల మీదికి, బావిలో నీళ్ళ మీదికి మళ్ళాయి. ఎవరూ లేచి వెళ్ళలేదు.

నీడ వచ్చి గుంజను తాకింది. బెలాయిద్ బొగ్గు రాజేశాడు. చక్కెర పగలగొట్టాడు. చెయ్యెత్తి ధారగా వంచితే నురగ బాగా లేచింది. మొదటి గ్లాసు పెద్దలకు ఇవ్వలేదు, రఖియా చేతికిచ్చి లోపల తూదాకు పంపాడు.

గ్లాసు తిరిగొచ్చింది. అడుగున పుదీనా ఆకు తప్ప ఏమీ లేదు. అయినా ఆయన కొంచెం వంగి తలుపు వెనక చూశాడు. నేల పొడిగా ఉంది. రెండో కాపుకు నీళ్ళు పెట్టాడు.