ఇరవై ఎనిమిదో ఇంటి అన్నం

కుసుమతో కాపురం తేలికే గానీ, ఆమె పెట్టుకున్న నియమాలతో కాపురం మాత్రం నరేంద్రకు చచ్చే చావు. రిటైరయ్యాక దేశంలోని రాష్ట్రాలన్నీ చూసి వస్తానని బయల్దేరిన మనిషి, ఊరికే కాలు పెట్టి వస్తే సరిపోదా? సరిపోదట. అక్కడ ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుని అన్నం తినాలట. అమృత్‌సర్ గురుద్వారాలో కడుపునిండా తిని కూడా, అది ఇల్లు కాదని లెక్కలో వేసుకోలేదు మహాతల్లి! జలంధర్ బస్సులో పక్కన కూర్చున్నావిడతో కబుర్లు కలిపి, వాళ్లింటికెళ్లి రొట్టెలు తిన్నాకే ఒప్పుకుంది. షిల్లాంగ్‌లోనూ అంతే, ఐజ్వాల్‌లోనూ అంతే. భాష రాదు, పరిచయం లేదు. అయినా నేరుగా వంటింట్లోకెళ్లి కూరగాయలు తరిగేది. పరాయి ఊళ్లో పది నిమిషాల్లో చుట్టమైపోయే ఆ విద్య ఎక్కడ నేర్చిందో నరేంద్రకు ఇప్పటికీ అంతుబట్టదు. పైకి విసుక్కుంటాడు గానీ, చిక్కడపల్లి లైబ్రరీలో పేపరు చదవడానికి వెళ్లినప్పుడల్లా కనబడినవాళ్లకల్లా ఆవిడ గురించే చెప్తాడు.

మిజోరం నుంచి తిరిగొచ్చాక ఇక అన్నీ అయిపోయాయన్నాడు నరేంద్ర. ఆవిడ వద్దంటున్నా వినకుండా, అశోక్‌నగర్‌లోని తమ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సన్మానం పెట్టించాడు. నారాయణగూడ నుంచి కుర్చీలొచ్చాయి. అసోసియేషన్ సెక్రటరీ ప్రహ్లాద్ శాలువా కప్పబోయాడు.

కుసుమ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగండి ప్రహ్లాద్ గారూ. నావి ఇరవై ఏడే. ఇంకోటి మిగిలింది."

"ఏది?" అన్నాడు నరేంద్ర.

"ఆంధ్రప్రదేశ్."

సెల్లారంతా నవ్వింది. "గదేంది మేడమ్, అది మీ సొంత రాష్ట్రమే గద!" అన్నాడు ప్రహ్లాద్.

"రేపల్లెలో పుట్టాను, అక్కడే తిని పెరిగాను. కానీ అప్పుడు అదీ ఇదీ ఒకటే రాష్ట్రం. విడిపోవడానికి ముందు ఏడాదే మా అమ్మ పోయింది. ఆ తర్వాత నేనటు వెళ్లలేదు. ముక్కూ మొహం తెలియని చోట అన్నం అడగడానికి నాకెప్పుడూ సిగ్గేయలేదు. అక్కడ మాత్రం... అమ్మ లేని ఊళ్లో ఎవరి గుమ్మంలో నిలబడి ఆకలేస్తోందనను?"

నరేంద్ర తల వంచుకున్నాడు. ఇన్నేళ్లూ టికెట్లు తీసిచ్చింది తనే. అటువైపు ఒక్క టికెట్టూ ఎందుకు అడగలేదో ఒక్కనాడూ ఆలోచించలేదు. శాలువా మెడ దాకా వచ్చాక, నలుగురి ముందు కాదని చెప్పిన ఆ మనిషిని చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

వెనక వరసలోంచి ప్రహ్లాద్ భార్య జయశ్రీ గబగబా ముందుకొచ్చింది. "ఏంది కుసుమక్కా, గట్ల మాట్లాడుతవ్? మా సంజనను ఇచ్చింది తెనాలికే గద! నీ చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల, నీకు బువ్వ పెట్టదా? ఫోన్ చేసినప్పుడల్లా పెద్దమ్మ ఎందుకు వస్తలేదని అడుగుతది."

ఇరవై ఏడు ఇళ్లలో నవ్వుతూ తిన్న కుసుమ, అంతమందిలోనూ భోరుమంది. జయశ్రీ ఆమెను దగ్గరికి తీసుకుంది. ప్రహ్లాద్ శాలువా మడత పెట్టేశాడు.

"సంజనకు ఫోన్ చెయ్యి జయా," అంది కుసుమ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "పెద్దమ్మ రేపు ఆకలితో వస్తోందని చెప్పు."