పిట్టకు చెప్పిన సినిమా

పోశయ్య దినాల నాడు ఉప్పల్ శ్మశానం గోడ పక్కన విస్తరి వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. తలకాయ కూర, కల్లు సీసా, నాచారం బస్టాపు దగ్గర కొన్న మిర్చి బజ్జీలు. డాక్టరు మాన్పించిన బీడీ కట్ట కూడా పెట్టారు, ఇక వద్దనే వాళ్లెవరు? పిట్ట వచ్చి ముట్టుకుంటేనే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తరు. కాకులకేం కొదవ లేదు, గోడ మీద బారుగా కూర్చున్నాయి. వాటికీ పట్నం పొగరు పట్టినట్టుంది, ఒక్కటీ దిగలేదు.

ప్రశాంత్ తల వంచుకుని నిలబడ్డాడు. పోశయ్య అతనికి అక్క మొగుడు. ఇద్దరిదీ నాచారంలో ఒకే మందుల కంపెనీ, ఒకే షిఫ్టు. ఊపిరితిత్తులు చెడి బావ మంచం పట్టాక, ప్రతి శుక్రవారం ఫోన్లోకి వచ్చిన కొత్త సినిమా ప్రశాంత్ చూసి, దాని సంగతి వాయిస్ మెసేజ్‌లో పంపేవాడు. నువ్వే చూడరాదా అంటే పోశయ్య వినేవాడు కాదు.

"సూస్తె నిద్రొస్తదిరా. నువ్వు చెప్తెనే సినిమా" అనేవాడు. ఆకాశంలో ఎగిరే వీరుల కథలంటే మరీ ఇష్టం. అంతా విని చివర్లో ఒక్కటే అడిగేవాడు: "సచ్చినోడు మల్ల వస్తడా?"

"రాకపోతె ఎట్ల బావా, ఇంకో భాగం తియ్యాలె గద!"

ఆ మాటకు పోశయ్య నవ్వీ నవ్వీ దగ్గేవాడు. ఆ దగ్గుకే అక్క పద్మశ్రీ భయపడింది. "నవ్వు ఆయన పానం తీస్తది తమ్ముడూ, ఇగ పంపకు" అంది. అక్క మాట కాదనలేక ప్రశాంత్ ఆపేశాడు. తర్వాతి శుక్రవారం పోశయ్య పొద్దంతా ఫోను ఛాతీ మీద పెట్టుకుని ఎదురుచూశాడు. ఆ పై శుక్రవారానికి ఆయన లేడు. ఆయన పోయిన నాటి నుంచి పద్మశ్రీ కంట చుక్క రాలలేదు.

"కొడుకా, నీ పెండ్లాన్ని నేను సూస్కుంట, తినిపో" అని పోశయ్య తల్లి రాములమ్మ గోడ వైపు దండం పెట్టింది. కాకులు కదలలేదు.

ఎండ ముదిరింది. పద్మశ్రీ ఉన్నట్టుండి తమ్ముడి వైపు తిరిగింది.

"నాదే తప్పు. ఆఖరికి ఆయన్ను నవ్వనియ్యలె. మొన్న శుక్రారం వచ్చిన సినిమా చెప్పు తమ్ముడూ."

"ఈడనా అక్కా?"

"శ్మశానంల నవ్వులాటలేంది?" అని గద్దించింది రాములమ్మ. కానీ ముట్టని విస్తరి చూస్తూ ఎంతసేపని బిగదీసుకుంటుంది? కన్నతల్లి కదా. కాసేపటికి గొంతు తగ్గించింది. "చెప్పు బిడ్డా. వాడు దేనికి అలిగిండో వాని పెండ్లానికే ఎరుక."

ప్రశాంత్ ఆ సినిమా చూశాడు. ఎవరికి చెప్పాలో తెలియకపోయినా అలవాటు కొద్దీ చూశాడు. గోడ వైపు తిరిగాడు. వాయిస్ మెసేజ్ పెట్టినట్టే మొదలుపెట్టాడు.

"బావా, ఈసారి హీరో అంగీ మీద ఇనుప అంగీ ఏసిండు. మాస్కు పెట్టిండు, కని ముక్కు బయటనే. మన సేఫ్టీ ఆఫీసర్ సూస్తె గేటు కాన్నించే వాపస్ పంపుతుండె. విలన్ ఆకాశంలకెల్లి దిగిండు. గంత పెద్ద లోకంల ఇంకేడ జాగ లేనట్టు, సక్కగ ఊరి నడిమిట్లనే దిగుతరు వీళ్లు. దిగంగనే 'మూర్ఖ మానవులారా' అన్నడు. డబ్బింగుల విలన్లందరు తెలుగు పంతుళ్లే బావా! ఇగ కొట్లాట. మన ఉప్పల్ల ఫ్లైఓవర్ పిల్లర్లు లేపెటందుకు ఏండ్లు వట్టె. వాళ్లు గడియల ఊరంత కూలగొట్టి, ఊడ్వకుంటనే ఎగిరిపొయిన్రు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు దిగింది కాకి. విస్తరి చుట్టూ తిరిగి మిర్చి బజ్జీ మీద ముక్కు పెట్టింది.

"ముట్టింది!" అని అందరూ చేతులెత్తి మొక్కారు. ఆకలి మీదున్న చుట్టాలు చెప్పులు వెతుక్కోసాగారు. ప్రశాంత్ ఆగిపోయాడు.

పద్మశ్రీ అతని చెయ్యి పట్టుకుంది. "ఆపకు. సగంల ఆపితె ఆయనకు కోపం."

"ఆఖర్ల హీరో అందర్ని కాపాడి సచ్చిపొయిండు బావా. జనమంత వానల నిలబడి ఏడ్సిన్రు. అయిపొయింది."

బావ అడిగే చోటు అదే. అడిగేవాడు లేక అక్కడ మాట ఆగింది.

"సచ్చినోడు మల్ల వస్తడా తమ్ముడూ?" అని పద్మశ్రీ అడిగింది.

ఎన్నోసార్లు చెప్పిన జవాబే, నాలుక మీదే ఉంది. అక్క ముఖం చూసి ఆ మాట అనలేకపోయాడు.

"రాడక్కా" అన్నాడు. "ఈసారి రాడు."

పద్మశ్రీ తల ఊపింది. తర్వాత నేల మీద కూలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు కాకి బెదరలేదు. తింటూనే ఉంది.