పేరు రాసినవాడు

వెట్టిచాకిరి ఆపించమని పై అధికారికి పంపే అర్జీ మీద ఉత్త వేలిముద్రలే వేయాలని, ఎవరూ పేరు రాయకూడదని రావల్కోల్ వాడ పెద్దలు ముందే అనుకున్నారు. చర్చి బడిలో అక్షరాలు నేర్చిన జక్కయ్య మాత్రం ఆగలేక సంతకం చేశాడు. అర్జీ తిరిగి దొర చేతికే వచ్చింది.

దొర జక్కయ్యను వంగబెట్టి, వీపుమీద బండ పెట్టించి, కాగితం అతని ముందు నేలమీద పరిచాడు.

"అచ్చరాలు మస్తు గుండ్రంగ రాసినవ్‌రా! ఇగ గీ ముద్రలు ఎవరెవరివో గూడ నువ్వే చెప్పు."

"నాకెరుక లేదు దొరా."

జక్కయ్యకు ఆ బరువు మరెవరి వీపుమీదో ఉన్నట్టుంది. కాగితం మూలనున్న చిన్న ముద్ర భార్య సారమ్మది. వద్దంటున్నా ఆమె వేలు పట్టి తానే వేయించాడు.

ఇంకో బండ పెట్టారు.

"ఇప్పుడెరుకైందా?"

"లేదు దొరా," అన్న తన గొంతును, పక్కవాడిది విన్నట్టు విన్నాడు జక్కయ్య.