ఓర్సొలా స్థానంలో

ఇటలీ కొండల్లోని ప్రెదాట్సోలో ఆ రోజు పొద్దున్నుంచీ గాలి నిలకడగా లేదు. మంచు ర్యాంపు పైన, స్కీలతో దూకేవాళ్ళు కూర్చునే అడ్డబల్ల మీద ఓర్సొలా ఉంది. వెనక మెట్ల మీద స్కీలు భుజాన వేసుకుని నీవెస్ తన వంతు కోసం చూస్తోంది. ఇద్దరికీ పదహారేళ్ళు. ఎనిమిదో ఏట నుంచీ ఒకే మాస్టారి దగ్గర స్కీలతో దూకడం నేర్చుకున్నారు. వచ్చే వారం స్లొవేనియాలో పోటీ. ఇటలీ దాటి వెళ్ళడానికి అదే మొదటి అవకాశం, అదీ ఒక్కరికే. ఆ చోటు ఓర్సొలాది. ఆమె దూకితే నీవెస్ కన్నా ఎప్పుడూ మూడు నాలుగు మీటర్లు ముందే దిగేది.

కింద నుంచి తుల్లియో మాస్టారు జెండా దించారు. గాలి తగ్గింది, రావచ్చని అర్థం. ఓర్సొలా బల్ల వదిలి జారింది. ర్యాంపు చివర్న లేచి, ముందుకు వాలి, ఎప్పటిలాగే చక్కగా తేలింది. అంతలో పక్కనుంచి గాలి విసురుగా కొట్టింది. ఎడమ స్కీ ఒరిగిపోయింది. ఆమె పడిన చప్పుడు పైదాకా రాలేదు. కాలు మెలికపడి, బోర్లా, కొండ అడుగుదాకా జారుతూ పోవడం మాత్రం కనపడింది.

నీవెస్ ఆ రోజు దూకలేదు. మెట్లన్నీ నడిచి దిగింది.

ఓర్సొలా మోకాలి లిగమెంట్ తెగిందన్నారు డాక్టర్లు. మూడో రోజు సాయంత్రం మాస్టారు నీవెస్ వాళ్ళింటికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర టోపీ నలుపుతూ కూర్చున్నారు. తండ్రి సామిల్లు నుంచి అప్పుడే వచ్చి, చొక్కాకి అంటిన రంపపు పొట్టు దులుపుకుంటున్నాడు.

"పోటీకి ఇంకో పేరు పంపమన్నారమ్మా. నీది రాయనా?" అన్నారు మాస్టారు.

"జెండా దించింది మీరే కదా," అంది నీవెస్.

"ఏమిటా మాటలు?" అన్నాడు తండ్రి.

మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "అననీ. నేనే దించాను. ఇంకాస్త ఆగాల్సింది. ఓర్సొలా వాళ్ళమ్మతోనూ అదే చెప్పాను."

"రేపు చెప్తాను మాస్టారూ," అంది నీవెస్.

మర్నాడు ఓర్సొలా ఇంటికి వెళ్ళింది. ఓర్సొలా కాలు దిండ్ల మీద పెట్టుకుని పడుకుని ఉంది.

"ఈ వీధి దాటడానికి నాలుగు రోజులు పట్టిందేం?"

"భయమేసింది."

"కాలు చూడ్డానికా, నన్ను చూడ్డానికా?"

"నిన్ను."

ఓర్సొలా ఆమె మొహంలోకి చూసింది. "నేను పడ్డప్పుడు నీకేమనిపించిందే? నిజం చెప్పు."

నీవెస్ మంచం పట్టె పట్టుకుని నిలబడింది. "లేస్తావేమోనని చూశాను. లేవలేదు. అప్పుడు... ఇక చోటు నాదే అనుకున్నాను. ఒక్క క్షణం."

ఓర్సొలా దుప్పటి గుండెలదాకా లాక్కుంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఆ మెట్ల మీద నేనున్నా అదే అనుకునేదాన్ని," అంది చివరికి. "పోటీకి వెళ్ళు. నా కోసం దూకానని మాత్రం ఎవరితోనూ అనకు. వింటే ఒళ్ళు మండుతుంది."

"అనను."

"తలుపు దగ్గరగా వేసి పో."

స్లొవేనియాలో సన్నగా మంచు పడుతోంది. నీవెస్ బల్ల మీద కూర్చుంది. పచ్చదీపం వెలిగింది, ఇక కొన్ని క్షణాల్లోపే దూకాలి. కింద మాస్టారి చేతిలో జెండా ఎంతకీ దిగలేదు. ఇచ్చిన గడువులో ఇక రెండు మూడు క్షణాలే మిగిలాయనగా దిగింది. నీవెస్ వేళ్ళు బల్లను వదలనన్నాయి. బలవంతాన వదిలించుకుని జారింది. గాలిలోకి లేచాక ఒంట్లో భయం అలాగే ఉంది, దానితోనే నేలకు దిగింది.

మొదటి ముప్పై మందికే రెండోసారి దూకే అవకాశం. ఆమెది ఇరవై ఎనిమిదో స్థానం. రెండోసారి దూకాక ఇరవై తొమ్మిదికి జారింది.

"రెండుసార్లూ తొందరపడి లేచావు," అన్నారు మాస్టారు.

"భయపడ్డాను మాస్టారూ."

"నేనూ," అన్నారాయన, జెండా చుట్టి సంచిలో పెట్టుకుంటూ.

మరుసటి చలికాలానికి నీవెస్ జాతీయ జట్టులో చేరింది. ఓర్సొలా ఆపరేషన్ అయ్యాక ఒకసారి కొండకు వచ్చింది. సగం మెట్లు ఎక్కి, కాసేపు నిలబడి, దిగిపోయింది. మళ్ళీ దూకలేదు. ఇప్పుడు ట్రెంటోలో చదువుకుంటోంది. సెలవుల్లో వీధిలో ఎదురుపడితే ఇద్దరూ ఆగి, చదువుల గురించీ సినిమాల గురించీ మాట్లాడుకుంటారు. కొండ మాట ఇద్దరూ ఎత్తరు.