గురువారం ఆరింటి వంతు

వెబ్‌లో ఎవరూ పూర్తిగా చదవరు, అసలు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పెయ్యండి అని మా చలిదేశంలో ఊలు అనే పట్నం కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. చెప్పడమే కాదు, మార్కులూ అలాగే వేస్తాను. పేజీ తెరిచి పది సెకన్లు చూస్తాను, మూసేస్తాను. "ఐలా చదవదు, వాసన చూస్తుంది" అని పిల్లలు నా గురించి నవ్వుకునేవారు. నాకది పొగడ్తలాగే ఉండేది.

సాయిమీ మా దేశపు ఉత్తర కొసనుంచి, రెయిన్‌డీర్లు మేపుకునేవాళ్ల ఇంటినుంచి వచ్చిన అమ్మాయి. క్లాసులో నోరు విప్పేది కాదు. మే నెలలో ఆఖరి అసైన్‌మెంటుగా, హాస్టల్లో సౌనా అనే ఆవిరిగది స్నానానికి వంతు ఎలా తీసుకోవాలో కొత్తవాళ్లకు చెప్పే పేజీ రాసింది. ఎవరిని అడగాలో, తాళంచెవి ఎక్కడుంటుందో మొదటి వాక్యంలోనే ఉన్నాయి. మురిసిపోయి అయిదుకి అయిదు వేశాను. అట్టడుగున ఇంకో పేరా కనిపిస్తే అలవాటుకొద్దీ "ఇది అనవసరం, తీసెయ్" అని రాశాను. సాయంత్రానికల్లా తీసేసింది.

సెప్టెంబరులో జాబితాలో ఆమె పేరు లేదు. చదువు మానేసి ఇంటికి వెళ్లిపోయిందని ఆఫీసువాళ్లు చెప్పారు. కొత్త క్లాసుకు నమూనాగా చూపిద్దామని ఆమె పేజీ వెతికితే ఆ పేరా తీసెయ్యకముందటి పాత ప్రతి దొరికింది. ఆ పేరా అప్పుడు చదివాను.

"నా వంతు గురువారం ఆరింటికి. నలుగురు పట్టే గదిలో రెండేళ్లుగా ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. ఇంతదాకా చదివిన ఆడవాళ్లెవరైనా సరే, తువ్వాలు తెచ్చుకుని రండి."

నా మీద నాకే అసహ్యం వేసింది. మా ఆయన విడిపోయి వెళ్లాక, ఆరేళ్లుగా మా భవనం సౌనాలో శనివారం వంతుకు నేనూ ఒక్కదాన్నే వెళుతున్నాను. వేడిరాళ్ల మీద నీళ్లు పోసుకుని, ఆ చప్పుడు వింటూ కూర్చుంటాను. ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆమెకు ఫోన్ చేశాను.

"ఆ చివరి పేరా ఇవాళే చదివాను, సాయిమీ."

ఫోన్లో ఆమె వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"అప్పుడు చదివే కదా అనవసరం అన్నారు?"

"లేదు. చదవకుండానే రాసేశాను."

"మీరు చదివారనే అనుకున్నా. మీకే అనవసరం అనిపిస్తే ఇంకెవరొస్తార్లే అనుకుని ఇంటికొచ్చేశా."

"చదివుంటే నేనే వచ్చేదాన్ని."

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు.

"ఆ వంతు ఈపాటికి వేరేవాళ్లకి ఇచ్చేసుంటారు" అంది.