తొవ్వల ఎదిగిన నవల

బీటు బజారులో మిర్చి సీజను మొదలైందంటే అనసూయ ఇంట్లో మొదట తుమ్మేది అత్త లక్ష్మీనర్సమ్మ. తర్వాత పిల్లలిద్దరూ, ఆఖరికి పాలుపోసే మనిషి. కింద రైతుల మిర్చి అమ్మిపెట్టే అడ్తి దుకాణం, పైన ఇల్లు. కింద బస్తాలు దించినప్పుడల్లా ఘాటు మెట్లెక్కి వచ్చి, పిలవని చుట్టంలా వంటింట్లో తిష్ఠ వేసేది. కాపురానికొచ్చిన పద్దెనిమిదేళ్లలో అనసూయకు తుమ్ములు ఆగిపోయాయి, దగ్గు మాత్రం మిగిలింది. మిర్చి ఘాటుకే అని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

తెల్లారి నాలుగున్నరకు నల్లా వచ్చేది. నీళ్లు పట్టడం, పిల్లల డబ్బాలు, అత్తకు జావ, కింద దుకాణంలోకి పదిసార్లు చాయ్. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఆమెను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. ఆ రెండు గంటలూ ఒళ్లు తెలియకుండా పడుకునేది.

ఎనభై నాలుగులో ఒక వారపత్రిక వెనక పేజీలో ప్రకటన చూసింది. విజయవాడలో కొత్తగా 'మధుమాలతి పాకెట్ నవలలు' మొదలుపెట్టారు. ప్రేమ నవలలు మాత్రమే వేస్తారు. కొత్త రచయిత్రులకు స్వాగతం. కాగితానికి ఒకవైపే రాయాలి. నాయిక వయసు ఇరవై రెండు దాటకూడదు. కథ పెళ్లితో ముగియాలి. తిప్పి పంపడానికి సరిపడా స్టాంపులు పెట్టాలి.

ఆ రోజు నుంచి అనసూయ మధ్యాహ్నం పడుకోలేదు.

నాలుగు నెలలు రాసింది. పంతొమ్మిదేళ్ల సుచరిత కాజీపేట స్టేషన్లో వానకు తడుస్తూ నిలబడితే, ప్రభాకర్ అనే లెక్చరర్ తన గొడుగు ఆమెకిచ్చి తాను తడుస్తూ పోతాడు. అక్కడ మొదలై నూట యాభై పేజీల తర్వాత పెళ్లవుతుంది. భర్త వీరభద్రం ఒకసారి పైకొచ్చి చూశాడు.

"ఏం రాస్తాన్నవ్?"

"నవల."

"మంచిది," అన్నాడు వీరభద్రం. దిగిపోయాడు. చెడ్డవాడు కాదు. పొద్దంతా రైతులతో, ఖరీదుదార్లతో మాట్లాడీ మాట్లాడీ ఇంటికొచ్చేసరికి ఆయన దగ్గర మాటలు మిగిలేవి కావు.

రెండు నెలలకు కట్ట తిరిగొచ్చింది. పోస్ట్‌మ్యాన్ కొమురెల్లి దాన్ని గుమ్మంలో దించి నడుం పట్టుకున్నాడు.

"పంపినప్పటికంటె బరువైందమ్మా."

లోపల చీటీ ఉంది. 'మీ శైలి చక్కగా ఉంది. కానీ నాయికకు ఇరవై ఆరేళ్లు. మా పాఠకులు ఒప్పుకోరు.'

అనసూయ కాగితాలు విప్పింది. రాత తనదే, సిరా తనదే. సుచరితకు నిజంగానే ఇరవై ఆరేళ్లు. పెళ్లి నాలుగో అధ్యాయంలోనే అయిపోయింది. తర్వాత అత్తగారిల్లు, ఒక బిడ్డ. ప్రభాకర్‌కు నుదుటి మీద జుట్టు పల్చబడింది.

"నేను పంతొమ్మిదే రాసిన కొమురెల్లి," అంది.

"కాయితాలు గదమ్మా, తొవ్వల ఎదుగుతయి. మా బావమరిది పెండ్లికి రమ్మని జాబు రాసిండు. నాకందేటాళ్లకు బిడ్డ తొట్టెలకు రమ్మని ఉండె. పోయి తొట్టెల చూసొచ్చిన." సంచీ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

లక్ష్మీనర్సమ్మ మంచం మీద నుంచే అంది: "జాడీల పెట్టిన పచ్చడి ఊరదా? గిది గూడ గంతే. మల్ల రాయి బిడ్డా."

మళ్లీ రాసింది. బిడ్డను కొట్టేసింది, అత్తగారింటిని కొట్టేసింది, ప్రభాకర్‌కు జుట్టు పెట్టింది. సుచరితను పంతొమ్మిదేళ్లకు తెచ్చి, మళ్లీ వానలో నిలబెట్టి పంపింది. ఈసారి మూడు నెలలు పట్టింది. సుచరిత ముప్పై ఒకటితో తిరిగొచ్చింది. ఇద్దరు పిల్లలు. తెల్లారి నల్లా దగ్గర బిందె పెట్టి, అది నిండేలోపు గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. చీటీలో సంపాదకుడు కింద ఇంకో మాట చేర్చాడు: 'మీ ప్రతి విప్పిన ప్రతిసారీ ఆఫీసంతా తుమ్ముతున్నాం. దయచేసి దులిపి పంపగలరు.'

దులిపి, మళ్లీ రాసి పంపింది.

మూడోసారి వచ్చేసరికి సుచరితకు ముప్పై ఎనిమిది. అనసూయకూ ఆ నెలలోనే ముప్పై ఎనిమిది నిండాయి. నవలలో సుచరిత దగ్గుతోంది. ప్రభాకర్ కాలేజీ నుంచి వచ్చి, తలెత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని పోతున్నాడు. అతడికి కోపం లేదు, విసుగూ లేదు. పక్కన ఎవరో ఉన్నారన్న సంగతి అలవాటైపోయింది, అంతే.

అనసూయ కలం మూత తీసింది. పంతొమ్మిది అని రాయబోయి ఆగింది. చెయ్యి లేవలేదు. భుజాల నుంచి వేళ్ల దాకా ఒకటే నొప్పి, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడడం, రవికెలన్నీ వదులవడం.

"ఎన్నిసార్లు చిన్నగ చెయ్యాలె అత్తమ్మా ఒక మనిషిని," అంది.

"చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు పంపు. ఏసుకుంటె ఏసుకుంటరు, లేకుంటె లేదు."

ఒక్క అక్షరం దిద్దకుండా, కొత్త స్టాంపులు పెట్టి పంపేసింది.

ఏప్రిల్లో అది తిరిగొచ్చింది. సీజను మంచి జోరు మీదుంది. అనసూయ జ్వరంతో పడుకుని ఉంటే, లేపొద్దని లక్ష్మీనర్సమ్మ కొమురెల్లిని కింద దుకాణంలో ఇచ్చిపొమ్మంది.

వీరభద్రం కట్ట అందుకున్నాడు. అంతకుముందు రెండుసార్లు ఇలాంటి కట్టలు మెట్ల మీద నుంచి పైకి చేరేసింది ఆయనే. పాతికేళ్లుగా తూకం చూస్తున్న చెయ్యి అది. కాంటా ఎక్కకముందే బస్తా ఎంతో చెప్పగలడు.

"తక్కువున్నది కొమురెల్లి."

"నాకిచ్చింది నీకిచ్చిన సేటు. నేనేం తియ్యలే."

"నిన్నంటలేను."

ఎప్పుడూ బరువెక్కి వచ్చేది ఈసారి ఎందుకు చిక్కింది? దారిలో కాగితాలు పడిపోయాయేమో చూద్దామని దారం విప్పాడు. పేజీల అంకెలు వరసగానే ఉన్నాయి. నూట పన్నెండు దగ్గర ఆగిపోయాయి. ఎందుకాగాయో చూద్దామని ఆఖరి పేజీ తీశాడు. అర్థం కాలేదు. నాలుగు పేజీలు వెనక్కి వెళ్లాడు, అక్కణ్నించి పది పేజీలు. నిలబడి చదువుతున్నవాడల్లా బస్తా మీద కూర్చున్నాడు.

సుచరితకు ముప్పై తొమ్మిదేళ్లు. ఏడాదిగా దగ్గుతోంది. గాలి పడలేదన్నారు, నీళ్లు పడలేదన్నారు. ఒక పొద్దున నల్లా దగ్గర చేరెడు రక్తం కక్కుకుంది. దవాఖానాకు తీసుకుపోతే, ఆరు నెలల కింద రావాల్సింది అన్నాడు డాక్టరు. పదకొండో రోజు పోయింది. పెద్దకర్మ అయిన మర్నాడు ప్రభాకర్ కాలేజీ నుంచి వచ్చి, అలవాటుగా చెప్పులు విడుస్తూ మంచినీళ్లు అడిగాడు. ఎవరూ పలకలేదు. అక్కడ నవల అయిపోయింది.

పైన అనసూయ దగ్గింది. రోజూ వినే దగ్గే. వీరభద్రం మొదటిసారి దాన్ని లెక్కపెట్టాడు. ఆగేదాకా పంతొమ్మిది.

ఎదురుగా ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన రైతులు బండ్ల దగ్గర నిలబడి ఉన్నారు. "అయ్యా, జర ఆగుండ్రి. పక్క దుకాణంల దించుకుంటరు, నేను చెప్తా," అని చెప్పి, నట్టనడి సీజన్లో మిట్టమధ్యాహ్నం షట్టర్ దించాడు. చావులకు తప్ప ఆ షట్టర్ పగలు దిగింది లేదు. బజారంతా తల తిప్పి చూసింది.

"లే అనసూయా, హన్మకొండ పోవాలె."

"ఎందుకు? చాయ్‌కి ఇంక యాళ్ల కాలే గదా..."

"చాయ్ కాదు. ఛాతి డాక్టరు దగ్గరికి. రిక్షా ఆపిన."

ఆమె ఆయన చేతిలో కాగితాలు చూసింది. లేచి కొంగు సర్దుకుంది. మెట్లు దిగుతుంటే వీరభద్రం ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోవడం రాక, బస్తా పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు.

డాక్టరు ఎక్సురే వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. "టీబీ. ఎడమ పక్కన మొదలైంది. సమయానికే తెచ్చిండ్రు. ఇంకో ఆర్నెల్లయితే నా చేతిల ఉండేది కాదు. ఎవరు చెప్పిండ్రు తీస్కరమ్మని?"

"నవలల రాసున్నది," అన్నాడు వీరభద్రం.

"మంచిగయ్యింది," అని డాక్టరు సూదిమందు రాశాడు.

తొంభై సూదులు, ఆ మీద ఏడాదికి పైగా గోళీలు. మిర్చి గాలి తగలొద్దన్నాడు. వీరభద్రం హన్మకొండలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. దుకాణం బీటు బజారులోనే ఉంది కాబట్టి రోజూ సైకిలు మీద పోయి వచ్చేవాడు. వచ్చాక బావి దగ్గర స్నానం చేసి, బట్టలు మార్చుకుంటేగాని లక్ష్మీనర్సమ్మ లోపలికి రానిచ్చేది కాదు.

మొదటి మూడు నెలలు అనసూయ నిద్రపోయింది. పద్దెనిమిదేళ్ల నిద్ర అది. కోలుకున్నాక ఎండలో కుర్చీ వేసుకుని, ఆ నూట పన్నెండు పేజీలూ ముందు పెట్టుకుంది. పంతొమ్మిదికి వెనక్కి తిప్పలేదు. సుచరితను ముప్పై తొమ్మిదిలోనే ఉంచి, నల్లా దగ్గర రక్తం పడే పేజీ చింపేసి, అక్కణ్నించి బతికించుకుంటూ పోయింది. మెల్లగా రాసింది. రోజుకు అర పేజీ.

మరుసటి చలికాలానికి పూర్తయింది.

"పోస్టుల ఎయ్యాల్నా?" అడిగాడు వీరభద్రం.

"వద్దు. మల్ల ఏమైతదో. ఇట్లనే ఉండనియ్యి ఆమెను."

వీరభద్రం కట్టకు దారం చుడుతూ, "నేనే పట్కపోతా," అన్నాడు.

ఆదివారం ఆఫీసు ఉండదని సోమవారం, తువ్వాలలో కట్ట చుట్టి విజయవాడ బండెక్కాడు. చీటీ మీదున్న అడ్రసు పట్టుకుని సందులన్నీ తిరిగాడు. మధుమాలతి ఆఫీసు ఉండాల్సిన చోట పెళ్లిపత్రికలు అచ్చేస్తున్నారు.

"వాళ్లా? ఎత్తేశారండీ, ఆర్నెల్లయింది," అన్నాడు ప్రెస్సాయన. "ఆఖర్లో హీరోయిన్ వయసు పద్దెనిమిదికి దించారు. అయినా నడవలేదు."

వీరభద్రం మంచినీళ్లు అడిగి తాగి, స్టేషనుకు తిరిగొచ్చాడు. ఎక్స్‌ప్రెస్ ఉన్నా పాసింజర్ ఎక్కాడు.

మర్నాడు పొద్దున ఇల్లు చేరేసరికి అనసూయ వాకిట్లో కూర్చుని ఉంది.

"ఏసుకుంటమన్నరా?"

"దుకాణం ఎత్తేసిండ్రు."

ఇన్నేళ్లలో తిప్పి పంపిన చీటీలన్నీ కలిపి ఒక్కసారే అందినట్టు, అనసూయ చేతులు ఒళ్లో పడేసుకుంది. వీరభద్రం చెప్పులు విడిచి, పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"తొవ్వ పొడుగున చదివిన. డోర్నకల్ల బండి రెండు గంటలు ఆగె. అక్కడ అయిపోయింది."

"ఎట్లున్నది?"

"ఉన్నది. గని ఒక్కటి. ఆమె బతికింది, మంచిదే. ఆయన మాత్రం ఆఖరిదాక ఒక్క మాట మాట్లాడడు. నువ్వు మాట్లాడనియ్యలే."

"నాకు తెల్వలే ఆయన ఏం మాట్లాడ్తడో," అంది అనసూయ. కట్ట ఒళ్లోకి తీసుకుని ఆఖరి పేజీ విప్పింది. కింద ఇంకా నాలుగు వరసల చోటుంది. "చెప్పుండ్రి. ఏమంటడు?"

వీరభద్రం రైలు నల్లదనం అంటిన వేళ్లను తువ్వాలకు తుడుచుకున్నాడు. ఏదో మొదలుపెట్టి ఆపేశాడు.

"పొద్దటి గోళి ఏసుకున్నవా, అంటడు."

అనసూయ ఆ మాట రాసింది.

"ఏసుకున్న," అంది. అది కూడా రాసింది.