మూడు వందల మాటల పిల్ల

ఆ స్కూళ్లవాళ్లకు కావాల్సింది పిల్లలో, పెళ్లికూతుళ్లో నాకిప్పటికీ అర్థం కాలేదు. రెండేళ్ల మార్కులు, టీకాల కార్డు, క్లాసు టీచరు ఉత్తరం, సీలు వేసిన కవరులో పాత స్కూలు సర్టిఫికెట్టు, అన్నీ పంపాను. కార్డులో ఒక తేదీ చెరిగిపోయిందని ఒకరు తిప్పి పంపితే, ఫొటోలో పిల్ల నవ్విందని ఇంకొకరు తిప్పి పంపారు.

మా ఆయన వంతెనలు పరీక్షించే ఇంజనీరు. కంపెనీ ఆయన్ని మూడేళ్లపాటు వేరే దేశం పంపిస్తోంది. మా పిల్ల గువ్వకు అక్కడి స్కూల్లో సీటు వచ్చినట్టు కాగితం చూపిస్తేనే కుటుంబాన్ని తీసుకెళ్లనిస్తారు. లేకపోతే ఆయన ఒక్కరే వెళ్లాలి. నేను, అత్తయ్య, గువ్వ ఇక్కడే. ఆ మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండేది.

ప్రతి దరఖాస్తు చివరా ఒకటే ప్రశ్న: మీ బిడ్డ ఎలాంటిదో మూడు వందల మాటల్లో తల్లిదండ్రులే స్వయంగా రాయాలి. మొదటి మూడింటికి నేను రాశాను. ఉన్నదున్నట్టు రాశాను. మా గువ్వకు తొమ్మిదేళ్లని, నోట్లో నువ్వుగింజ నానదని, ఇంట్లో ఉన్న ప్రతి తాళం విప్పి చూస్తుందని, పాట అందుకుంటే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడతారని రాశాను. ముగ్గురూ మర్యాదగా ధన్యవాదాలు చెప్పి తలుపేసేశారు.

"నిజాలు రాస్తే ఎవరు రమ్మంటారు చెప్పు? ఈసారి నేను రాస్తాలే" అన్నారు మా ఆయన.

సెలవు చీటీ రాయడానికి పూటంతా తీసుకునే మనిషి, ఆదివారం పొద్దున భోజనాల బల్ల దగ్గర కూర్చుని తల ఎత్తకుండా గంటలో రాసేశారు. మధ్యలో ఒకసారి తనలో తాను నవ్వుకున్నారు కూడా. తీసుకుని చదివాను. మా అమ్మాయి అన్నం తింటూ కూనిరాగం తీస్తుందట. ఎడమచేత్తో బొమ్మలు వేస్తుందట. మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి లెక్కపెడుతూ దిగుతుందట. ఏది చేతికిచ్చినా విరిచి పెద్ద ముక్క పక్కవాళ్లకు పెడుతుందట. చీకటికి భయపడదు గానీ తలుపు మూస్తే ఏడుస్తుందట.

"ఎవరండీ ఈ పిల్ల?"

"ఏదో, అక్కడా ఇక్కడా చూసినవి కలిపి రాశా. వాళ్లకి ఇలాంటివే నచ్చుతాయి."

నేను కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. మనుషులు నాకు కనపడరు, వాళ్ల నోటి అచ్చులు వస్తాయి. ఒకరి అచ్చు మీద ఇంకొకరి పేరు పడితే, పన్ను ఎంత అందంగా చేసినా నోట్లో కూర్చోదు. ఆ కాగితం చదువుతుంటే నాకు అదే అనుమానం వచ్చింది. కానీ గడువు ఆ సాయంత్రమే. పంపించేశాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

తొమ్మిదో రోజున పిలుపొచ్చింది. తల్లిదండ్రులతో పాటు పిల్ల కూడా కూర్చోవాలి, వీడియోలో మాట్లాడతారు. మా ఆయనకు కాళ్లు నేలమీద నిలవలేదు. తాను రాసింది ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకు అంటించారు. "చదువుకో తల్లీ. వాళ్లడిగితే తడబడకూడదు" అన్నారు గువ్వతో. సీటు పిచ్చిలో నేనూ అడ్డు చెప్పలేదు.

గువ్వ రెండు రోజుల్లో బట్టీ పట్టేసింది. అక్కడితో ఆగితే బాగుండేది. "చేసి చూపించమంటే ఎలా మరి?" అని సాధన మొదలుపెట్టింది. అన్నం తింటూ కూనిరాగం తీసింది. ఈసారి పక్కింటివాళ్లు రాలేదు, శ్రుతి కుదిరింది. ఎడమచేత్తో పిచ్చిగీతలు గీసింది. నాలుగో రోజుకు అవి పువ్వులయ్యాయి. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత గమనించాను, ఇంట్లో మాటలు తగ్గాయి. నోరు మూయవే అని తొమ్మిదేళ్లు మొత్తుకున్నదాన్ని, ఆ నోరు నిజంగానే మూతపడేసరికి ఏదో ఒకటి అడిగి మాట్లాడించబోయేదాన్ని.

ఒక సాయంత్రం ఇల్లు ఊడుస్తూ దాని గది తలుపు దగ్గరికి వేశాను. లోపలి నుంచి ఏడుపు. తీసి చూస్తే చెంపల మీద నిజం కన్నీళ్లు.

"చాల్లే నటన" అన్నాను.

"నటించట్లేదమ్మా. తలుపేస్తే ఊపిరాడట్లేదు."

తలుపు బార్లా తెరిచి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య కూరగాయల సంచీతో కిందినుంచి వస్తోంది. మా అంతస్తు నుంచి గువ్వ వెనక్కి తిరిగి, జడ ఊపుకుంటూ, "పదకొండు, పది, తొమ్మిది" అని ఒక్కో మెట్టూ దిగుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అత్తయ్య చేతిలోంచి సంచీ జారింది. టమాటాలు మెట్ల మీద దొర్లుతుంటే, ఆవిడ గోడ పట్టుకుని ఏదో పేరు పెట్టి పిలిచింది. పన్నెండేళ్ల కాపురంలో ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని పేరు.

గువ్వ అత్తయ్య వైపు తిరక్కుండానే "ఊఁ" అని పలికింది.

పిల్లను లోపలికి పంపించి, అత్తయ్య పక్కన మెట్టు మీద కూలబడ్డాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"నా కూతురమ్మా. మీ ఆయన తర్వాత పుట్టింది. తొమ్మిదేళ్లప్పుడు, పది నిండకుండానే జ్వరం తగిలింది. వాడికీ అంటుకుంటుందని తలుపేసి వాణ్ణి బయటే ఉంచాం. అన్నయ్యా, తలుపు తియ్యి అని అది లోపల్నుంచి ఒకటే పిలుపు. వాడు గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. మూడోనాటికి పిలుపు ఆగిపోయింది."

"ఒక్కసారైనా చెప్పలేదేం అత్తయ్యా?"

"ఆ మాట ఎత్తితే మళ్లీ పోయినట్టు ఉంటుందని ఎవరం ఎత్తలేదు. ఫొటో కూడా ఉంచలేదు."

మా ఆయన రాగానే నిలదీశాను. "సీటు పోతే పోయింది. నా పిల్ల నాక్కావాలి" అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

"కావాలని రాయలేదు. మీ పిల్ల గురించి చెప్పండి అని ఉంది అక్కడ. చెల్లి గురించి ముప్పై ఏళ్లలో నన్నెవరూ ఏమీ అడగలేదు. పెన్ను పట్టుకుంటే అదే వచ్చేసింది" అన్నారు.

జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు. ఫ్రిజ్ మీది కాగితం చింపి పారేశాను. చింపితే ఏం లాభం, అప్పటికే అది పిల్ల ఒంట్లోకి ఎక్కింది.

సోమవారం పది గంటలకు ముగ్గురం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అత్తయ్యను వంటింట్లో ఉండమన్నాం. తెర మీద కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, ఇంగ్లీషులో మెల్లగా, ప్రేమగా మాట్లాడింది. గువ్వ తొణకలేదు. రాగం తీసింది, పువ్వు వేసి చూపించింది, మెట్ల లెక్క చెప్పింది. ఆవిడ ముచ్చటపడి రాసుకుంటోంది. మా ఆయన పిల్లను చూస్తున్న చూపు నాకు కనబడింది. పుట్టిన దగ్గర్నుంచి గువ్వకు ఆ చూపు దక్కలేదు.

"చాలా బాగుంది. వచ్చే ఏడు ఏం నేర్చుకోవాలనుకుంటున్నావు?" అని అడిగింది ఆవిడ.

గువ్వ తడబడింది. తండ్రి వైపు తిరిగి మన భాషలోనే మెల్లగా అడిగింది.

"అది రాయలేదు నాన్నా నువ్వు. ఆ తర్వాత ఏమవుతుంది?"

ఆయన తెర వైపు తిరిగి, "క్షమించండి. నేను రాసింది నా కూతురి గురించి కాదు, నా చెల్లెలి గురించి. చిన్నప్పుడే పోయింది" అన్నారు.

ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "అయ్యో. మరి మీ అమ్మాయి గురించి చెప్పండి" అంది.

ఆయన గువ్వను చూశారు. మాట రాలేదు. నాకు అన్నీ తెలుసు, నోరు మాత్రం విప్పలేదు. కూతురి గురించి తనకేమీ తెలియదని ఆయనకే తెలియాలి అనుకున్నాను. ఆ క్షణాన నేనంత మంచిదాన్ని కాను. చివరికి గువ్వకే జాలేసినట్టుంది. పరీక్షలో పక్కపిల్లకు అందించినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడింది.

"అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయని చెప్పు."

ఆయన ఇంగ్లీషులో చెప్పారు.

"నువ్వు వంతెనల గురించి చెప్తుంటే నిద్రొస్తుందని చెప్పు."

అదీ చెప్పారు, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

"వచ్చే నెల పదేళ్లు నిండుతాయని చెప్పు."

అక్కడ ఆగిపోయారు. పెదవులు కదిలాయి గానీ పది అన్న మాట బయటికి రాలేదు. గువ్వ ఇంకోసారి అందించింది. రాలేదు.

వంటింట్లోంచి అత్తయ్య తడిచేతులతోనే వచ్చేసింది. ఉండమన్నామన్న సంగతే మరిచి, తెర ముందు నిలబడి పిల్ల తలమీద చెయ్యి వేసింది.

"దీనికి పదేళ్లు నిండుతాయమ్మా. రాసుకో" అంది తెర మీది ఆవిడతో.

ఆవిడకు మన భాష రాదు. ఏమంటున్నారని నన్నడిగింది. అప్పుడు నేను నోరు విప్పి చెప్పాను. ఆవిడ రాసుకుంటుంటే, అత్తయ్య ఆ చెయ్యి తియ్యకుండా, రాయడం అయ్యేదాకా అలాగే చూస్తూ నిలబడింది.